ఒడిలో పెట్టిన కరివేపాకు

అప్పుడు నాకు మూడో నెల. గోరంట్ల దాటగానే బస్సులో వాంతులు మొదలయ్యాయి.

"ఇంగోసారి కక్కితే ఈడే దింపేస్తా" అన్నాడు కండక్టరు. బయట ఎండ తప్ప చెట్టన్నది లేదు.

పక్కన కూర్చున్న ముసలావిడ సంచిలోంచి కరివేపాకు రెబ్బ తీసింది. చెయ్యి చాపాను. చేతికివ్వకుండా నా ఒడిలో పెట్టింది.

"చేతికిస్తే కొట్లాటలొస్తాయి తల్లీ. మెల్లగా నములు."

"మళ్ళా యాడ కలుస్తామవ్వా, కొట్లాడేకి?"

"కొట్లాడేకి ఈ గంట చాలదా యేమి?"

నవ్వుతూనే నమిలాను. చేదుగా ఉన్నా, వికారం మెల్లగా దిగింది. కదిరి వచ్చేదాకా కండక్టరు నా వైపు చూసే అవసరం రాలేదు. ఆమె మధ్యలో ఎక్కడో దిగిపోయింది.

ఆనాడు కడుపులో ఉన్న నా కూతురు ఇప్పుడు చారులో కరివేపాకంతా ఏరి కంచం అంచున పెడుతుంది. దానితో నాకు రోజూ కొట్లాటే.