పెళ్ళిపీటలూ నా మోకాళ్ళూ

మా పెందుర్తి కాలనీ పార్కులో ఉన్న రెండు సిమెంటు బల్లలనూ ఈమధ్య పీకేశారు. రోజూ పొద్దున్నే పేపరు పట్టుకుని వెళ్ళి, నిలబడి చదువుకుని వస్తున్నాను. విచారిస్తే, యోగా చేసేవాళ్ళకి చోటు చాలడం లేదట. నాకంటే చిన్నవాళ్ళు కొత్తగా చేరి చాపల మీద తిరగేసిన మంచాల్లా అవస్థ పడుతుంటే నవ్వు రావలసింది, నాకు రాలేదు. ఆ బడిలో నేను ఏనాడో తప్పినవాణ్ణి.

ఎనభైల మొదట్లో మాట. పోర్టు ఆఫీసులో నా ఉద్యోగమంతా కుర్చీలోనే జరిగేది. క్వార్టర్సులో మా వరసన డైనింగ్ టేబిల్ కొన్న మొదటి ఇల్లు మాదే. నేల మీద కూర్చుని భోంచేసే ఇరుగుపొరుగుని చూసి కొంచెం జాలి కూడా పడేవాణ్ణి. మోకాళ్ళు ఆ సంగతి మనసులో పెట్టుకున్నట్టున్నాయి. మా అమ్మాయికి సంబంధం కుదిరి, ముహూర్తం పెట్టుకున్నాక, పెళ్ళికొడుకు కాళ్ళు కడిగి కన్యాదానం చెయ్యాలి కదా, పీట మీద ఒకసారి కూర్చుని చూద్దామని కూలబడితే అప్పుడు తెలిసింది, నా కాళ్ళు మడతపడటం మానేశాయని. డాక్టరుగారు మాత్రలిచ్చారు, ఆఫీసులో బావా అని పిలుచుకునే స్నేహితుడు ఆముదం రాయమన్నాడు, మా ఆవిడ కన్యాదానంలో తను నీళ్ళు పోయాల్సిన చెంబు తోముకుంటోంది. ఆ విధంగా, యాభై దగ్గర పడుతుండగా, యోగాలో చేరాను.

నేర్పేది రిటైరైన డ్రిల్లు మాస్టారు, నేర్చుకునేది బీచిలో ఇసక మీద. మొదటి పాఠం బాసింపట్టు వేసుకోవడం. దాని పేరు సుఖాసనం అన్నారు. పేరు పెట్టినాయన మోకాళ్ళు వేరే రకమై ఉండాలి. ఒకరోజు హార్బరు నుంచి చేపల గంపతో పోతున్న ఒకావిడ నా అవస్థ చూసి ఆగిపోయి, "ఏటి బాబూ, ఏటైనా పారేసుకున్నారేటి? నానూ ఎతకనా?" అంది. మాస్టారితో సహా అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, లేచి వెళ్ళిపోవడానికి వీల్లేక.

ముహూర్తం వచ్చి మీద పడింది గాని, మోకాళ్ళు నేలకి జానెడు ఎత్తున ఆగిపోయాయి. పంతులుగారిని అడిగితే, పీటల మీద కూర్చోవలసింది దంపతులనీ, నాకు కుదరకపోతే మా తమ్ముడూ అతని భార్యా కూర్చోవచ్చుననీ సెలవిచ్చారు. తమ్ముడు, "నీకెందుకన్నయ్యా, నాను సూసుకుంటాన్లే" అన్నాడు. అంత మంచిగా అన్నవాణ్ణి కాదనడం ఎలాగో నాకు తెలియలేదు.

పెళ్ళిలో తమ్ముడి భార్య చెంబుతో నీళ్ళు పోస్తుంటే, తమ్ముడు పెళ్ళికొడుకు కాళ్ళు కడిగాడు. నేను పందిరి గుంజ పట్టుకుని నిలబడ్డాను. అమ్మాయి ఒకసారి తలెత్తి వెతుక్కుని, నన్ను చూసి మళ్ళీ దించుకుంది. మా ఆవిడ నా పక్కనే పూలపళ్ళెం పట్టుకుని ఉంది.

ఇప్పుడు పంతుళ్ళే ముందుగా కనుక్కుని ఎత్తు పీటలు వేయిస్తున్నారు. కన్యాదాత కుర్చీలో కూర్చున్నా ఎవరూ వింతగా చూడటం లేదు. ఆ రోజుల్లో అంత చిన్న ఉపాయం, చదువుకున్న నాతో సహా, మాలో ఒక్కరికీ తోచలేదు. పోగొట్టుకున్నది నేనొక్కణ్ణే అనుకుని, ఆ పెళ్ళి రోజున అప్పగింతలయ్యాక ఖాళీ పందిట్లో దిగాలుగా కూర్చుంటే, మా ఆవిడ పళ్ళేలు సర్దుతూ, నా వైపు చూడకుండానే అడిగింది.

"వంగనివి మీ మోకాళ్ళు కదేటి. మరి నా సేతిలో సెంబెందుకు లాగేసుకున్నారు?"