కొర్రమీను పిల్లలకు కాపలా

నా చిన్నప్పుడు, ఇప్పుడు ఆఫీసు బస్సులు ఆగే గచ్చిబౌలి రోడ్డు వెనక మాకొక చెరువు ఉండేది. అందులో పెద్ద కొర్రమీనును ఎలా వెతకాలో మా తాతయ్య నాకు చూపించాడు. తూటికాడల పొదల పక్కన నీళ్ల మీద ఎర్రటి పిల్లలు కుంకుమ చల్లినట్టు గుంపుగా కదులుతుంటే, వాటి కిందే తల్లి ఉంటుంది. చిన్న చేపలను మింగి బతికే ఆ కొర్రమీను, తన పిల్లల దగ్గరికి ఏది వచ్చినా మీద పడుతుంది. అప్పుడు గాలం వేస్తే పడక మానదు. అయినా పిల్లలున్న తల్లి మీద తాతయ్య ఎన్నడూ గాలం వేయలేదు.

ఆ ఏడు వానలు వెనకబట్టాక మా అమ్మ మంచం పట్టింది. దవాఖానలో లాభం లేదని ఇంటికి పంపేశారు. ఏమీ తినేది కాదు. ఒక పొద్దున తాతయ్యను పిలిచి, "నాయినా, కొర్రమీను పులుసు జర తినబుద్ధైతుందే" అంది.

తాతయ్యా నేనూ చెరువు చుట్టూ తిరిగాం. ఆ ఎర్రపిల్లల దగ్గర తప్ప ఎక్కడా చేప జాడ లేదు. ఆయన చాలాసేపు గట్టు మీద కూర్చున్నాడు. చివరకు గాలానికి కప్పపిల్లను గుచ్చి వాటి మధ్యలో వేశాడు. పడింది నా మోచేతికన్నా పొడవైన చేప. చప్పట్లు కొట్టబోయి ఆయన ముఖం చూసి ఆగిపోయాను.

అమ్మ రెండు ముద్దలు తిని, "మంచిగుంది నాయినా" అంది. ఆ వారం తిరగకముందే పోయింది.

మట్టి చేసి వచ్చిన మర్నాడు తాతయ్య ఇంట్లో లేడు. వెతుక్కుంటూ వెళితే, చెరువులో ఆ ఎర్రపిల్లల పక్కన మోకాలి లోతు నీళ్లలో నిలబడి కొంగలను అదిలిస్తున్నాడు.

"ఏం చేస్తున్నవ్ తాతా?"

"వీటి తల్లిని నేనే పట్టుకొస్తి బిడ్డా. ఇగ జర పెద్దగయ్యేదాక నేనే ఉండాలె."

నేనూ నీళ్లలోకి దిగి ఆయన పంచె పట్టుకున్నాను. అమ్మ కోసం మేమిద్దరం కరువుతీరా ఏడ్చింది అక్కడే.

రోజూ వెళ్లేవాళ్లం. ఎంత కాసినా గుంపు పలచబడుతూనే వచ్చింది. మిగిలిన కొన్ని పెరిగి నల్లబడి లోతుకు వెళ్లిపోయాయి.

ఇప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో ఎవరింట తల్లి పోయినా, నాకు ఓదార్పు మాటలు రావు. వెళ్లి ఆ పిల్లల పక్కన కూర్చుంటాను. వాళ్లకు ఆకలేస్తే అన్నం కలిపి పెడతాను. వచ్చినవాళ్లంతా వెళ్లిపోయినా నాకు లేవబుద్ధి కాదు.