సన్నాయి ఊది ఇల్లు ఖాళీ చేసిన వైనం

నోరు విప్పి ఒక్క మాట చెబితే తీరిపోయే పనికి ఒక ముసలాయన చెవులు, నా ఊపిరితిత్తులు, భార్య దగ్గర నాకున్న కాస్త పరువు ఎలా పాడుచేశానో చెబుతాను. మీరు హాయిగా నవ్వుకోండి. అప్పట్లో నవ్వు రానిది నా ఒక్కడికే.

కొత్తగా పెళ్లయి, భువనగిరిలో యాకూబ్ సాబ్ ఇంటి పై అంతస్తులో కిరాయికి దిగాం, నేనూ సుజాతా. ఆయన రిటైరైన డ్రాయింగ్ మాస్టారు; కింద భార్యతో ఉండేవాడు. అగ్రిమెంటు రోజున స్కేలు పెట్టి గీసినట్టు చెప్పాడు: "రెండేండ్లు మీరు పోవద్దు, నేను పొమ్మనొద్దు. ఎవరు మాట తప్పితే వాళ్లే నష్టం కట్టాలె."

దర్జాగా సంతకం పెట్టాను. ఆర్నెల్లు తిరగకుండానే ఊరి చివర ఒక చిన్న ఇల్లు అమ్మకానికొచ్చింది. సుజాత ఆ ఇంటి వంటగదిలో నిలబడి కిటికీ తెరిచింది. ఇక మూయలేదు. కొనేశాం. ఇటు కిరాయి, అటు బ్యాంకు వాయిదా. జీతం పెళ్లిపందిట్లో లడ్డూలా మాయమయ్యేది.

"సాబ్‌కు చెప్పరాదా?" అంది సుజాత.

"చెప్తే మనమే మాట తప్పినట్టయితది. ఆయనతోనే పొమ్మనిపిస్త, చూడు."

సంతలో ఒక పాత సన్నాయి కొన్నాను. నాకు సంగీతం రాదు. అదే నా బలం. పొద్దున్నే ఊదితే, గేదె తోక తలుపు సందులో పడ్డట్టు వచ్చింది ఆ శబ్దం. సాబ్ మెట్లెక్కి వచ్చాడు. ఇక పొమ్మంటాడని పెదవులు తుడుచుకుని నిలబడ్డాను.

"మస్తు ఊదుతున్నవ్ బేటా. ఆపకు" అని దిగిపోయాడు.

నా వాయిద్యం అంత బాగుందేమోనని కాసేపు నాకే అనుమానం వచ్చింది. పట్టు వదలక ఒక కోడిపుంజును తెచ్చి సాబ్ పడకగదికి సరిగ్గా పైన కట్టేశాను. మర్నాడు ఆయన రెండు పెట్టలను చంకన పెట్టుకుని వచ్చాడు.

"పాపం, ఒక్కటే ఉన్నది గద. తోడుంటయ్."

వారం తిరిగేసరికి మా వంటింటి గట్టు మీద కోళ్లు, మంచం కింద కోళ్లు. సుజాత ఒక పెట్టను పప్పు డబ్బాలోంచి బయటికి తీసి నా ఒళ్లో పడేసింది.

"ఇంట్ల ఇవన్న ఉండాలె, నేనన్న ఉండాలె" అని కిందికి నడిచింది. ఒక చేత్తో సన్నాయి, ఒక చేత్తో కోడితో నేనూ వెనకే పరుగెత్తాను.

"చాచా, మేం ఇల్లు కొనుక్కున్నం. చెప్పనీకి ఈయనకు భయం. మీరే పొమ్మనాలని గీ లొల్లంత చేసిండు."

సాబ్ చెవుల్లోంచి దూది తీసి, "మల్ల చెప్పు బిడ్డా" అన్నాడు. ఆమె మళ్లీ చెప్పింది. ఆయన కుర్చీలో కూలబడ్డాడు.

"యా అల్లా. మా బిడ్డకు మహబూబ్‌నగర్ నుంచి గీడికే బదిలీ అయింది. పైన ఉంచుదమంటే మీరుంటిరి. పొమ్మంటే నష్టం నేను కట్టాలె. మీరే విసిగి పోతరని కోళ్లు తెచ్చిచ్చిన." నా వైపు తిరిగాడు. "నీ సన్నాయికి తట్టుకోలేక మీ చాచి చెల్లెలింటికి పోయింది. గా బాధంత దిగమింగి మెచ్చుకున్న, బేటా."

నా బదులు నా చేతిలో కోడే ఏదో అంది.

ఆ ఆదివారమే ఇల్లు మారాం. సామాను ఎక్కించడానికి సాబ్ మాకంటే హుషారుగా చేయి వేశాడు. ట్రాలీ కదలబోతుంటే, సకల కోళ్ల సాక్షిగా, కుడిచెయ్యి ముందుకు చాచి గంభీరంగా ప్రతిజ్ఞ చేశాను: నోటితో చెప్పాల్సిన మాటను ఈ జన్మలో సన్నాయితో చెప్పను.

"సన్నాయి ఈడ్నే పెట్టి చెయ్ ఆ ప్రతిజ్ఞ" అంది సుజాత.