పాలపిట్ట రెక్కల నీలం

చాలా ఏళ్లు ఒక అబద్ధాన్ని మోశాను. చిన్నదే. నోట్లోంచి రావడానికి ఊపిరి పీల్చినంత సేపు కూడా పట్టలేదు. దాన్ని నిలబెట్టడానికి ఎన్ని తంటాలు పడ్డానో చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి. నాకూ నవ్వొస్తుంది, ఆ వెంటనే సిగ్గూ వస్తుంది. పేరు మాత్రం అడగకండి. ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు మీద మాకు ప్లైవుడ్ దుకాణం ఉందని చెప్పగలను. ఆ రోడ్డు మీద అలాంటి దుకాణాలు చాలా ఉన్నాయి. వెంచర్లు పెరిగినకొద్దీ అవీ పెరిగాయి.

మా దుకాణం వెనక రేకుల షెడ్డులో నా మిషన్ ఉంటుంది. స్క్రోల్ సా అంటారు. కుట్టు మిషన్ సూదిలా సన్నటి బ్లేడు పైకీ కిందికీ ఆడుతుంటే, చెక్కను చేతులతో తిప్పుతూ ఎలాంటి వంపునైనా కోయవచ్చు. రెండు రంగుల పల్చటి చెక్కలను ఒకదాని మీద ఒకటి పెట్టి, మిషన్ బల్లను కాస్త వాల్చి కోస్తే, ఒక చెక్కలోంచి వచ్చిన ముక్క రెండో చెక్కలోని ఖాళీలో బిగుతుగా కూర్చుంటుంది. వేలితో తడిమినా అతుకు తెలియదు. టేకులో వేప, వేపలో తుమ్మ. ఆకులు, చేపలు, పక్షులు అలా పొదుగుతాం. రంగులు వేయం. కట్టెకు ఉన్న రంగే రంగు. ఈ పనికున్న మర్యాదంతా అదే.

పొదుగుతాం అన్నాను కదా, ఆ రెండో మనిషి పేరు అందాలు. మా పక్క షట్టర్‌లో జాకెట్లు కుడుతుంది. మిషన్ చప్పుడు విని ఒకరోజు చూడటానికి వచ్చింది. జాకెట్ మెడలు కత్తిరించిన చెయ్యి. నేను బ్లేళ్ల మీద బ్లేళ్లు విరగ్గొట్టి నేర్చుకున్న వంపును మొదటి రోజే కోసి పక్కన పెట్టింది. అప్పటినుంచి మధ్యాహ్నాలు ఇద్దరం ఆ షెడ్డులోనే. తల నిండా పొట్టుతో, ఒకరినొకరు చూసి నవ్వుకుంటూ చాయ్ తాగేవాళ్లం.

ఒక ఏడాది కొంగరకలాన్‌లో ఆడవాళ్ల చేతిపనుల ప్రదర్శన పెట్టారు. అందాలు చేపల గుంపు చేసింది. వాళ్లది చేపలు పట్టే కుటుంబం, తమ్ముడు మల్లేశు ఇప్పటికీ పెద్ద చెరువులో వల వేస్తాడు. ఆ చేపల పొలుసుల్లో ఒక్కో వరుస ఒక్కో కట్టె. పక్కకు వంగి చూస్తే కదులుతున్నట్టే ఉండేవి. మెచ్చుకున్నాను, నోటితో. లోపల ఏమనుకున్నాను? నా షెడ్డు, నా మిషన్, నేను నేర్పిన పని, ఇప్పుడు ఈమె నన్ను దాటిపోతోందే అనుకున్నాను. ఆమె మీద కోపం లేదు. ఉంటే ఇంత బాధ ఉండేది కాదేమో.

నేను పాలపిట్ట మొదలుపెట్టాను. దసరా నాడు అందరూ తలెత్తి వెతికే పిట్ట, ఎవరికి నచ్చదు? అంతా కుదిరింది, రెక్కలు తప్ప. నీలం కట్టె ఎక్కడుంది? బూడిద రంగు చెక్క పెట్టి చూస్తే పావురంలా తయారైంది. బట్టలుతుకుతుంటే తెల్ల బట్టలకు పెట్టే నీలిమందు సీసా కంటపడింది. తెల్లటి పాలకొడిస చెక్క ముక్కలను అందులో ముంచి ఆరబెట్టాను. వార్నిష్ పడగానే రెక్కలు ధగధగలాడాయి. ఆ వారం అందాలుకు పెళ్లి జాకెట్ల పని ఎక్కువై షెడ్డుకు రాలేదు.

ప్రదర్శనలోనే ఆమె ఆ పిట్టను మొదటిసారి చూసింది. బహుమతులు నిర్ణయించే మేడమ్‌లు అప్పుడే మా బల్ల దగ్గరికి వచ్చారు.

“అక్కా, గీ నీలం ఏం కట్టె?” అంది అందాలు, ముచ్చటగా.

“తుమ్మ,” అన్నాను.

“తుమ్మ నీలముంటదా?”

“చెరువుల దొరికిన మొద్దు చెల్లె. ఎండకాలం నీళ్లు ఎనక్కి పోయినప్పుడు బురదల కనవడ్డది. ఏండ్లకేండ్లు నాని గట్ల నీలం దిగింది.”

“ఇంక జర ఉన్నదా?”

“లేదు. గంతే ఉండె.”

మేడమ్‌లు తలలూపి రాసుకున్నారు. మొదటి బహుమతి నాకు, రెండోది అందాలుకు. నాకు శాలువా కప్పుతుంటే అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది ఆమే. తిరుగు బస్సులో ఆ శాలువా నలిగిపోతుందని తన ఒళ్లో పెట్టుకుంది. అప్పుడు చెప్పి ఉండవచ్చు. చెవిలో చెబితే సరిపోయేది. ఎందుకు చెప్పలేదు? రేపు చెబుదాం అనుకున్నాను. రేపటికి ఆమె చెరువు గట్టు మీద ఉంది.

అవును, వెతకడం మొదలుపెట్టింది. మల్లేశును బతిమాలి, వలకు తగిలిన మొద్దులన్నీ తెప్పించింది. కోసి చూస్తే అన్నీ నలుపే. దొరకకపోతే తనే తయారు చేస్తానంది. తుమ్మ చెక్కలను చిరిగిన వల సంచుల్లో పెట్టి, గట్టు దగ్గరి నీళ్లలో ముంచి, గుర్తుకు జాకెట్ గుడ్డల పేలికలు కట్టింది. చేపలు పట్టేవాళ్లు ఆమెను చూసి “కట్టెలు నానవెట్టే అక్కొచ్చింది” అనేవారట. అది కూడా ఆమే నవ్వుతూ చెప్పేది. అప్పుడప్పుడు ఒక చెక్క తీసి, చిత్రిక పట్టి, నాకు తెచ్చి చూపించేది.

నా అసలు తప్పు ఇక్కడ ఉంది. మొదటి అబద్ధం పదిమందిలో కంగారులో వచ్చింది, దానికైనా ఒక సాకు చెప్పుకోగలను. కానీ ఆ చెక్కను వెలుతురులో అటూ ఇటూ తిప్పి, పెద్ద తెలిసినదానిలా “ఇంకో వానకాలం ఉంచు చెల్లె” అన్నాను చూడండి, దానికి ఏం సాకు చెప్పను? ఒకసారి కాదు. నీళ్ల లోతు చాలలేదన్నాను. ఇంకోసారి, బురద పట్టాలన్నాను. వినేవాళ్లుంటే అబద్ధం ఎంత బాగా అల్లుతామో!

ఈలోగా మా ఇంటి గోడ మీద పాలపిట్ట వెలిసిపోసాగింది. ఎండ తగిలిన వైపు రెక్క తెల్లబడుతుంటే, ఎవరూ లేనప్పుడు దాన్ని దించి, వార్నిష్ గీకి, దూదితో నీలిమందు అద్ది, మళ్లీ వార్నిష్ పూసి తగిలించేదాన్ని. ఒకసారి అందాలు దాని ముందు నిలబడి, “ఎన్నేండ్లయినా రంగు జరంత తగ్గలే అక్కా” అంది. నా చేతివేళ్లు ఇంకా నీలంగానే ఉన్నాయి. కొంగులో దాచుకున్నాను.

మొన్న వానలు వెలిశాక ఒక మధ్యాహ్నం ఆమె షెడ్డులోకి పరుగెత్తుకొచ్చింది. చేతిలో తుమ్మ చెక్క. దాని నడుమ అడ్డంగా, వానమబ్బు రంగులో ఒక చార. నిజంగా నీలం. తాడు కుళ్లిపోతోందని ఈసారి సంచిని ఇనుప తీగతో కట్టిందట. తీగ ఆనిన చోటల్లా తుమ్మకు నీలం ఎక్కింది.

“నువ్వు చెప్పింది నిజమే అక్కా. మా తమ్ముడు నాకు పిచ్చి లేసిందన్నడు. నేనే నమ్మిన. నీ మొద్దుల గూడ ఎక్కడ్నో ఇనుప మొల దిగి ఉంటది, గదా?”

చూశారా? నా అబద్ధానికి కావలసిన సాక్ష్యం కూడా తనే వెతికి తెచ్చింది. నేను ‘అవ్’ అంటే చాలు. జన్మంతా ఆ నీలం కనిపెట్టినదాన్ని నేనే అయ్యేదాన్ని. నోరు తెరిచాను కూడా. ఆమె గోళ్లలో చెరువు మట్టి కనిపించింది.

“మొద్దు లేదు చెల్లె,” అన్నాను. “నీలిమందు. బట్టలకు పెట్టేది.”

ఆమె చెక్క మీది నీలం చారను బొటనవేలితో రుద్దింది. తర్వాత మెల్లగా అడిగింది. “నేను చెరువెంట తిరుగుతుంటే నువ్వు చూసుకుంట ఉన్నవ్?”

“అవ్.”

చెక్కను సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. చాలాసేపు పక్క షట్టర్‌లోంచి కుట్టు మిషన్ చప్పుడు రాలేదు.

మర్నాడు వచ్చింది. మిషన్ ముందు కూర్చుని, ఆ కొత్త నీలంతో ఒక నెమలి మెడ కోయడం మొదలుపెట్టింది. ఎంత చక్కటి మెడ! చాయ్ ఇస్తే తాగింది. బ్లేడు మార్చమంటే మార్చాను. ఆ సంగతి మాత్రం ఎత్తలేదు, ఈ రోజు వరకూ. పోనీలే అక్కా అనలేదు. ఎందుకు చేసినవ్ అని కూడా అడగలేదు. అడిగితే బాగుండునని ఉంటుంది. అడిగితే ఏం చెప్పాలో మాత్రం తెలియదు.

పోయిన ఆదివారం మార్కెట్లో మల్లేశు దగ్గర ఆగాను. కొర్రమీను కావాలన్నాను. అతను గంపలో చెయ్యి పెట్టి, నవ్వకుండా నా ముఖంలోకి చూశాడు.

“మామూలుది కావాల్నా అక్కా, నీళ్లల్ల నానవెట్టిన నీలంది కావాల్నా?”

పక్కన చేపలు కోస్తున్న ఆడవాళ్లు కత్తిపీటలు ఆపి మరీ నవ్వారు. అందరికీ తెలిసిపోయిందన్నమాట. ముఖం చెవుల దాకా వేడెక్కింది. అయినా ఏం చేయను, నాకూ నవ్వాగలేదు.

“మామూలుదే ఇయ్యి తమ్మీ,” అన్నాను.

ఆ రోజు పులుసుతో రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.