వేలెడు సందు

ఆమెను ఇంట్లో అందరూ టేపమ్మ అంటారు. చేతిసంచిలో దువ్వెన లేకపోయినా ఊరుకుంటుంది గానీ, కొలిచే టేపు లేకుండా గడప దాటదు. పెళ్లయిన కొత్తలో అత్తగారి మంచాన్ని కొలిచి, ఇది ఈ గుమ్మంలో పట్టదని చెప్పింది. నలుగురు మగవాళ్లు గంటసేపు చెమటోడ్చి, పట్టదని ఒప్పుకున్నారు. ఆ రోజే ఆడపడుచు ఈ పేరు పెట్టింది.

టేపమ్మ ఒకప్పుడు పురపాలక కార్యాలయంలో తనిఖీదారు. ఇంట్లో ఈతకొలను కట్టుకున్నవాళ్లు దాని చుట్టూ కంచె వేసి గేటు పెట్టాలి. ఆమె వెళ్లి చూసి సంతకం పెడితేనే నీళ్లు నింపుకోవాలి. గేటు తనంతట తాను మూసుకుని గడియ పడాలి. అది మూడుసార్లు చూడాలి: బార్లా తెరిచి వదిలి ఒకసారి, సగం తెరిచి ఒకసారి, వేలెడు సందు ఉంచి ఒకసారి. మొదటి రెండూ ఎలాంటి గేటైనా నెగ్గేస్తుంది, ఊపు ఉంటుంది కనుక. స్ప్రింగు అసలు బలం వేలెడు సందు దగ్గరే తేలుతుంది. మూసుకున్నట్టే కనిపిస్తూ గడియ పడని గేటును మూడేళ్ల పిల్లలు ఒంటిచేత్తో లాగేస్తారు.

ఎనిమిదేళ్లు చేసిన ఆ ఉద్యోగాన్ని నాలుగేళ్ల క్రితం మానేసింది. రెండో కడుపుతో ఉంది కదా, అందుకే అనుకున్నారు అందరూ. ఆమె కాదనలేదు.

ఇప్పుడు ఇల్లు మారాలి. భర్త పెద్దాసుపత్రిలో మత్తు డాక్టరు, ఈ మధ్యే ఆ విభాగానికంతటికీ పెద్ద అయ్యాడు. మూడున్నరేళ్ల చిన్నపాపకు ఉబ్బసం. ఈ పొగలోంచి బయటపడండని పిల్లల డాక్టరు ఖచ్చితంగా చెప్పాడు. ఊరి చివర రెండు కాలనీలున్నాయి, రెండూ కలిగినవాళ్లవే. దిగువ కాలనీలో ఇళ్లు భుజాలు రాసుకుంటూ ఉంటాయి. అందరికీ కలిపి ఒకే పార్కు. కొలను కట్టుకునే చోటు ఎవరికీ లేదు. కానీ వెనకే లారీలు తిరిగే పెద్దరోడ్డు. ఎగువ కాలనీలో ఇంటింటికీ పచ్చిక, స్కూలు నడిచేంత దూరం, గాలి శుభ్రం. అక్కడ కుక్కలు కూడా మొరిగేముందు గొంతు సవరించుకుంటాయని ఆడపడుచు అంటుంది. ఇళ్లు అమ్మిపెట్టడం ఆమె పని.

ఇంకేముంది, ఎగువ కాలనీయే అనుకున్నారు. టేపమ్మ ఒప్పుకుంటే కదా! మొదటి ఇంటికి మెట్లు ఎత్తెక్కువంది. రెండో ఇంటికి కిటికీలు మరీ కిందకున్నాయంది. మూడో ఇంటికి వంక దొరక్క, "ఇక్కడ మరీ నిశ్శబ్దంగా ఉందే" అంది.

"వదినా, ఆ నిశ్శబ్దానికే ఇక్కడ ఇంత ధర!" అంది ఆడపడుచు. "మీకు నచ్చే ఇల్లు వెతికే బదులు నేనే తాపీ పట్టుకుని కట్టేయడం తేలిక."

భర్త మాత్రం నవ్వలేదు. "నాలుగు మెట్లెక్కితే పాప ఆయాసపడుతోంది, నీకు కనిపించట్లేదా? ఎగువ కాలనీ ఎందుకొద్దో చెప్పు. వింటాను."

ఏమని చెబుతుంది? నాలుగేళ్ల క్రితం, జోరువానలో, ఆ కాలనీలోనే ఒక గేటు చూడటానికి వెళ్లింది. ఆ రోజుకది ఐదో గేటు. గొడుగు తిరగబడింది, వేవిళ్లతో కడుపులో తిప్పుతోంది. బార్లా తెరిచి వదిలింది, గడియ పడింది. సగం తెరిచి వదిలింది, పడింది. ఇక చాల్లే అనుకుని కారెక్కి, తనిఖీ కాగితంలో మూడు గళ్లలోనూ టిక్కు పెట్టింది.

ఐదు వారాల తర్వాత ఆ ఇంటి మూడేళ్ల బాబు కొలనులో మునిగి చనిపోయాడు. విచారణకు అధికారులు వచ్చేసరికే ఆ ఇంటాయన గేటును పీకి ముక్కలు ముక్కలు చేసేశాడు. మిగిలింది ఆమె కాగితం. గేటు సరిగ్గానే ఉంది కాబట్టి ఇంట్లోవాళ్లే మూయకుండా వదిలేసి ఉంటారని తేల్చారు. మూడోసారి గడియ పడేదో లేదో ఇక ఎవరికీ తెలిసే దారి లేదు. పడేదని తెలిస్తే బతికిపోయేది. పడేది కాదని తెలిసినా గుండెలవిసేలా ఏడ్చేది. రెండూ లేక, ఆ గేటు ఆమెలో తెరుచుకునే ఉండిపోయింది.

బీరువా, ఫ్రిజ్, స్నానాలగది, ఏ తలుపైనా సరే వేలెడు సందు ఉంచి వదిలి, నిలబడి వింటుంది. పాపకు జడ వేస్తుంటే ఆమె చెవుల్లో ఎక్కడో ఒక గేటు మెల్లగా వచ్చి, మూసుకోబోయి, ఆగిపోతుంది. ఆ తర్వాత నీళ్లు కదులుతాయి. చేతిలో జడ అలాగే ఉండిపోతుంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరైనా "తలుపేశావా?" అంటే చాలు, ఉలిక్కిపడుతుంది.

నాలుగో ఇంటికి, భర్తనూ పిల్లలిద్దరినీ కూడా ఎక్కించుకుని, ఆడపడుచే కారు నడిపింది. వీధి మలుపు తిరగగానే టేపమ్మ ఆ వీధిని గుర్తుపట్టింది. చూడాల్సిన ఇల్లు, ఆ బాబు ఇంటి పక్కదే. రెండిళ్ల మధ్య నడుమెత్తు కంచె. ఆ బాబు ఇంటి పెరట్లో ఇప్పుడు కొలను లేదు. మట్టి నింపి పచ్చిక పరిచారు. ఆ పచ్చిక మాత్రం చుట్టూ ఉన్నదాని కంటే లేతగా, అచ్చం కొలను ఆకారంలోనే ఉంది.

ఆ పెరట్లో మొక్కలకు నీళ్లు పోస్తున్న ఒకావిడ కంచె దగ్గరకు వచ్చింది. "కొత్తగా వస్తున్నారా? మంచి వీధండీ." పాపను చూసి, "ఎన్నేళ్లమ్మా నీకు?" అంది. పాప మూడు వేళ్లు చూపించింది. ఆవిడ ఆ వేళ్లనే చూస్తూ ఉండిపోయింది.

"మీరు కొనే ఇంటికి కొలనుంది," అంది చివరికి. "గేటు జాగ్రత్తండీ. నేను మూశాననే అనుకున్నాను. మూయలేదట. కాగితాల్లో రాశారు."

టేపమ్మకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. నోరు మూసుకుంటే ఇల్లొస్తుంది, పాపకు గాలొస్తుంది, భర్త ముందు తల ఎత్తుకుని తిరగొచ్చు. కానీ "మూయలేదట" అన్న ఆ మాటను ఆవిడ నోట్లో పెట్టింది తనే.

"మీ గేటు తనిఖీ చేసింది నేనేనండీ," అంది. "మూడుసార్లు చూడాలి. రెండుసార్లే చూశాను. మూడోది చూడకుండా టిక్కు పెట్టేశాను. మీరు మూసే ఉంటారు. గడియ పడకపోయి ఉండొచ్చు. పడేదేమో కూడా, నాకు తెలీదు. కానీ మీరు మూయలేదని రాసిన కాగితం అబద్ధం మీద రాసింది."

భర్త ఆమెను, ఎవరో పరాయి మనిషిని చూసినట్టు చూశాడు. ఆడపడుచు పిల్లలిద్దరినీ దగ్గరకు లాక్కుంది.

పక్కింటావిడ తిట్టలేదు. కంచె మీదుగా చెయ్యి చాచి, గోళ్లు దిగేంత గట్టిగా టేపమ్మ మణికట్టు పట్టుకుంది.

"మా ఆయన నాతో మాట్లాడి నాలుగేళ్లయింది," అంది. "ఒకే ఇంట్లో ఉంటాం, ఒకే బల్ల దగ్గర తింటాం. ఒక్క మాట లేదు. లోపలే ఉన్నారు. రండి. నాకు చెప్పింది చెప్పినట్టు, ఒక్క ముక్క పోకుండా ఆయనకు చెప్పండి."

టేపమ్మ వెళ్లింది. లోపల కుర్చీలో కూర్చున్న ఆ ఇంటాయన తలెత్తి, భార్యను చూసి, అలవాటుగా మొహం తిప్పుకున్నాడు. ఆ తిప్పుకున్న మొహానికే టేపమ్మ చెప్పడం మొదలుపెట్టింది.