చక్కెర ఆకుల మెరుపు

పోయిన వారం ఒకరోజు పొద్దున్నే తిరుపతి ఆసుపత్రి నుంచి మా ఆయన ఫోన్ చేశారు. "అమ్మ పోయినాది" అన్నారు. చిత్తూరులో మా వంటింట్లో అప్పుడు ఇడ్లీ గిన్నెలో నీళ్లు మరుగుతున్నాయి. ఇడ్లీలకు కాదు, ఒక పుట్టినరోజు కేకు మీద పెట్టే చక్కెర ఆకులకు ఆవిరి పట్టడానికి. ఆ పని నాకు నేర్పింది మా అత్తే. పొయ్యి ఆపేశాను.

మా చర్చిలో జరిగే పెళ్లిళ్లకు ఏళ్ల తరబడి కేకు మా ఇంటి నుంచే వెళ్లేది. అత్త చక్కెర ముద్దను పల్చగా ఒత్తి, ఆకులుగా కత్తిరించి, సన్న తీగకు గుచ్చి ఆరబెట్టి, రంగు పొడి అద్దేవారు. తర్వాత తీగ పట్టుకుని మరిగే నీళ్ల ఆవిరిలో ఆకును ఒకసారి అటూ ఇటూ తిప్పి తీసేవారు. అంతవరకు సుద్దముక్కలా ఉన్న ఆకు నిగనిగలాడేది. రెప్పపాటు ఎక్కువైతే మెత్తబడి వాలిపోతుంది.

"ఆకు మెరవాల, పువ్వు మెరవగూడదు పాపా. తోటలో యాడన్నా మెరిసే రోజాను సూసినావా?" అనేవారు. కేకంతా తళతళలాడాలని అడిగేవాళ్లకూ అదే జవాబు. ఆ మొండితనం చూసి కొందరు బేకరీలకు వెళ్లిపోయారు. ఆమె పట్టించుకోలేదు. వాన రోజుల్లో చెమ్మకు చక్కెర జిగటెక్కుతుందని, తడి గొడుగుతో కన్నకొడుకును కూడా వంటింట్లోకి రానిచ్చేవారు కారు.

కోడలిగా వచ్చిన కొత్తలో నేను మెరుపు కోసమని కేకు మీద నెయ్యి రాసేశాను. మధ్యాహ్నానికి ఇంట్లో దుమ్మంతా దానికే అంటుకుంది. అత్త కోప్పడలేదు. కేకుకు తలంటు పోశావా అని అడిగి, పక్కన నిలబెట్టుకుని మొదటినుంచీ చూపించారు. బళ్లో కూడా నాకెవరూ అంత ఓపిగ్గా నేర్పలేదు.

రెండేళ్ల కిందట ఆమె కుడిచేతికి వణుకు వచ్చింది. ఎవరికీ చెప్పలేదు. ఆవిరి పని మాత్రం నాకు వదల్లేదు, అది పోతే తనకింకేమీ మిగలదన్నట్టు. ఒక పెళ్లి రోజు పొద్దున, చివరి ఆకు ఆవిరిలో ఉండగా చెయ్యి అదిరింది. సమయానికి తీయలేకపోయారు. ఆకు కొస వాలిపోయింది. ఇంకొకటి చేసి ఆరబెట్టే వ్యవధి లేదు. అత్త పొయ్యి దగ్గర్నుంచి పక్కకు జరిగారు.

"ఇంక నువ్వే పట్టు పాపా. దీన్ని మాత్రం ఎనక పక్క పెట్టు. ఎవురికీ కనపడగూడదు."

ఆ గొంతు విని నాకు ఏడుపొచ్చింది. ఆమె చేతి చివరి ఆకును గోడవైపు తిప్పి దాచడానికి మనసు రాలేదు. ముందరే పెట్టాను, పెద్ద చక్కెర రోజా కింద.

పెళ్లి హాల్లో దాన్ని చూడగానే అత్త ముఖం మాడిపోయింది. నా వైపు చూడను కూడా చూడలేదు. అంతలో పెళ్లికూతురి అవ్వ కేకు దగ్గరికొచ్చింది. కళ్లద్దాలు సర్దుకుని, వాడిన ఆకును ఎందుకు ఉంచారని గొణుగుతూ తుంచబోయింది. అత్త చటుక్కున ఆమె మణికట్టు పట్టుకున్నారు.

"చక్కెర ఆకు అక్కా అది. నేనే చేసినాను."

అవ్వ నమ్మలేదు. రెండో చేత్తో తాకి, ఆ వేలు నాలుకకు ఆనించుకుని నవ్వింది. చుట్టుపక్కల వాళ్లను కూడా చూడమని పిలిచింది. అత్త ఇంకా ఆ మణికట్టు వదల్లేదు. అత్త చెయ్యి అప్పుడు వణుకుతోందో లేదో నేను గమనించలేదు. ఆమె ముఖమే చూస్తున్నాను.