పగులు పెరిగిన శాతం

2022 వేసవి. బేతంచెర్ల దగ్గర ఒక నాపరాళ్ల క్వారీలో మైన్ సర్వేయర్‌గా పనిచేస్తున్నాను. గని కొలతలు తీయడం, బండ ఎక్కడైనా కదులుతోందేమో కనిపెట్టడం నా పని. ఆ వారం క్వారీ అడుగున, కూలీలు రాయి కోసేచోటికి పక్కనే, నేలబండలో సన్నటి పగులు కనిపించింది. దాని మీద క్రాక్ గేజ్ బిగించాను. పగులు ఎంత విచ్చుకుందో మిల్లీమీటర్లలో చూపే చిన్న ప్లాస్టిక్ పలక అది.

చుట్టూ రాయి చెయ్యి పెడితే కాలేది. పగులులోంచి మాత్రం తడిమట్టి వాసనతో చల్లగాలి వచ్చేది. మరియమ్మ అనే కూలీ తన సద్దిగిన్నె అక్కడే పెట్టుకునేది. గురువారం పొద్దున ఆ గిన్నె చంకనపెట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"సార్, నిన్నటిదాకా గాలి బయటికి కొడతా ఉండె. ఈ పొద్దు లోపలికి పీలుస్తాండాది. నా కొంగు ఎవరో పట్టుకున్నట్టుండాది."

వెళ్లి పగులు దగ్గర కాగితం పట్టుకున్నాను. దాని అంచు లోపలికి వంగి వణికింది. అందులోకి ఒక సన్నటి రాతిపలుకు జారవిడిచి, బండకు చెవి ఆనించాను. అడుగు తగిలిన చప్పుడు ఎంతకీ రాలేదు.

గేజ్ మీద సోమవారం రెండు మిల్లీమీటర్లు, మంగళవారం మూడు, బుధవారం నాలుగు. ఇప్పుడు ఐదు. పెరిగిన శాతం కావాలంటే తేడాను పాత విలువతో భాగించి వందతో గుణిస్తాం. ఆ లెక్కలు చూసి మేనేజర్ ఓబులరెడ్డి తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు.

"యాభై, ముప్పైమూడు, ఇరవై అయిదు. సగానికి సగం తగ్గె గదప్పా! బండ సర్దుకుంటాండాది. సాయంత్రానికి లారీలు నింపాల, పని యాడ ఆపేది?"

"తగ్గింది శాతం, పగులు కాదన్నా. రెండు మీద ఒకటి పెరిగితే యాభై శాతం. నాలుగు మీద అదే ఒకటి పెరిగితే ఇరవై అయిదు. పాత విలువ పెద్దదవుతాంది, అంతే. పగులు రోజూ ఒకే తీరుగా తెరుచుకుంటాండాది."

ఆయన కిందికి దిగి, పగులు మీద అరచెయ్యి పెట్టి, చటుక్కున తీసేసుకున్నాడు. అందరూ పైకి రమ్మని విజిల్ ఆయనే ఊదాడు.

అందరూ పైకి ఎక్కాక, కాసేపటికి, పగులు పక్కనున్న నేల దిగబడింది. గర్జన లేదు, ఉరుము లేదు. రాయి కోసే మిషన్ మెల్లగా ఒరిగి కనిపించకుండా పోయింది. దుమ్ము పైకి లేవలేదు, లోపలికే పోయింది. చాలాసేపటికి ఎక్కడో అడుగున చప్పుడైంది. మరియమ్మ కళ్లు మూసుకుని ప్రార్థన గొణుగుతోంది.

సున్నపురాయి నీటికి కరిగి కింద పెద్ద గుహ ఏర్పడిందనీ, బయటి గాలి ఒత్తిడిని బట్టి అది గాలిని వదులుతూ, పీలుస్తూ ఉంటుందనీ తర్వాత నిపుణులు చెప్పారు. అర్థమైంది. అయినా ఆ గొయ్యి అంచుకు మళ్లీ ఎవరమూ పోలేదు.

ఇప్పుడు నాకు ఎవరు శాతం చెప్పినా, "దేనిమీద?" అని అడుగుతాను. శాతం తగ్గుతూ వచ్చిన ఆ రోజుల్లో బండ ఒక్కపూట కూడా ఆగలేదు.